అచ్చుకాని అంకెలు: పరిశోధకులను డేటా అడగడం ఎలా?

నల్లగొండ ఫ్లోరోసిస్ (నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు) మీద సిస్టమాటిక్ రివ్యూ, అంటే ఒక అంశంపై జరిగిన అధ్యయనాలన్నిటినీ పద్ధతిగా వెతికి కలిపి చూసే పని, మొదలుపెట్టిన పీజీ విద్యార్థులు దాదాపు అందరూ ఒకే చోట ఆగిపోతారు. పేపరులో బాధితుల శాతం ఉంటుంది, ఎంతమందిని పరీక్షిస్తే ఆ శాతం వచ్చిందో మాత్రం మొదటి పట్టికలో ఒకలా, మూడో పట్టికలో ఇంకోలా ఉంటుంది. నీటిలో ఫ్లోరైడ్ "అధికం" అని రాసి ఊరుకుంటారు. లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చెప్పరు. మీకు కావలసిన అంకె లేకపోలేదు. రాసినవారి పాత కంప్యూటరులోనో, కాలేజీ బీరువాలో కట్టగట్టి పెట్టిన ప్రొఫార్మాలలోనో (సర్వేలో నింపిన ఫారాలలోనో) ఉంది. దాన్ని తెచ్చుకునే పద్ధతి చెబుతాను. ఉదాహరణలు మన ఫ్లోరైడ్ నుంచే ఇస్తున్నాను గానీ, మీ అంశం రక్తహీనత అయినా మధుమేహం అయినా దారి ఇదే.

ఇంత తిరుగుడు ఎందుకు, అచ్చయినవి చాలవా అని మీ గైడ్ అడిగితే రిబాక్సెటిన్ సంగతి చెప్పండి. అది కుంగుబాటుకు వాడే మందు. జర్మనీలో మందులను మదింపు చేసే ఇక్విగ్ సంస్థ పరిశోధకులు 2010లో బీఎంజే (బ్రిటిష్ మెడికల్ జర్నల్)లో రాసినదాని ప్రకారం, ఆ మందు మీద జరిగిన ట్రయల్స్‌లోని రోగుల డేటాలో 74 శాతం అచ్చు కాలేదు. అచ్చయిన 26 శాతం చూస్తే మందు బాగానే పనిచేస్తున్నట్టు కనబడింది. మొత్తం కలిపి చూస్తే ఉత్తుత్తి మాత్రకూ దానికీ పెద్ద తేడా లేదు, పైగా దుష్ఫలితాలు ఎక్కువ. ఫ్లూ జ్వరానికి వాడే టామిఫ్లూ కథ ఇంకా పెద్దది. 2009లో కీజీ హయాషి అనే జపాన్ పిల్లల డాక్టరు, వైద్య పరిశోధనల మీద రివ్యూలు చేసే కోక్రేన్ సంస్థ ఇదివరకటి రివ్యూ ఆధారపడిన ట్రయల్స్‌లో ఎక్కువభాగం అచ్చే కాలేదు కదా అని ప్రశ్నించారు. అక్కడి నుంచి కోక్రేన్ బృందం తయారీ కంపెనీ వెంటబడితే పూర్తి నివేదికలు చేతికి వచ్చేసరికి 2013 అయింది. కొత్త రివ్యూ 2014లో వచ్చింది.

మన దగ్గర పరిస్థితి వేరు. నేను చూసినంతలో ఇక్కడ దాచిన డేటా తక్కువ, తీరిక లేక మూలన పడ్డ డేటా ఎక్కువ. కాబట్టి ఎదుటివారిని దొంగలా చూస్తూ ఉత్తరం మొదలుపెట్టకండి.

అడిగే ముందు వెతకండి

కళ్లెదుట ఉన్నదాన్ని అడిగితే చులకనైపోతాం. పేపరుకు జతచేసిన అనుబంధ ఫైళ్లు చూడండి. ట్రయల్ అయితే మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో చూడండి. ఆ రిజిస్ట్రీ 2007లో మొదలైంది. 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి రోగిని చేర్చుకునే ముందే నమోదు చేయడం తప్పనిసరి చేశారు. నమోదులో ఏ ఫలితాలు కొలుస్తామన్నారో, పేపరులో ఏవి రాశారో పక్కపక్కన పెట్టి చదివితే అడగాల్సిన ప్రశ్న అదే దొరుకుతుంది.

థీసిస్‌ల కోసం శోధ్‌గంగ ఉంది. అయితే అందులో ప్రధానంగా పీహెచ్‌డీలే ఉంటాయి. ఎండీ, ఎండీఎస్ డిసర్టేషన్ల కోసం కాలేజీ లైబ్రరీకి వెళ్లాల్సిందే. ఇక్కడ ఒక చిక్కు ఉంది. వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం రాష్ట్రం వచ్చాక ఏర్పడింది. అంతకుముందు బ్యాచ్‌ల డిసర్టేషన్లు విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరుతో ఉంటాయి. వరంగల్‌లో దొరకలేదని అసలు లేదనుకోకండి. మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాల 2016లో, నల్లగొండది 2019లో మొదలయ్యాయి. అంతకుముందు ఈ జిల్లాల్లో జరిగిన సర్వేలు చాలావరకు హైదరాబాద్ నుంచి వచ్చినవారు చేసినవే. పాతవి కావాలంటే ఇంకా వెనక్కి వెళ్లవచ్చు. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బీఎంజేలో 1955లోనే పేపరు వచ్చింది. 1973లో జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఇక్కడివారి మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి లాన్సెట్‌లో రాశారు.

కొన్ని అంకెలు అడగకుండానే లెక్కకట్టుకోవచ్చు. ఒక పేపరులో 64 మంది పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ సగటు 3.2, దాని 95 శాతం విశ్వాస అంతరం (అసలు సగటు ఉండగల హద్దులు) 2.7 నుంచి 3.7 అని ఉందనుకోండి. విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనం ఇవ్వలేదు. 64కు వర్గమూలం 8. దాన్ని అంతరం వెడల్పుతో, అంటే 1.0తో గుణించి 3.92తో భాగిస్తే 2.04 వస్తుంది. ఇంత చిన్న లెక్క కోసం ఒక ప్రొఫెసరుకు మెయిల్ పంపనక్కర్లేదు. గుంపులో 60 మంది కన్నా తక్కువ ఉంటే 3.92 బదులు టీ పట్టికలోని విలువను రెండింతలు చేసి వాడండి. ప్రామాణిక దోషం ఇచ్చి ఉంటే ఇంకా సులువు, దాన్ని వర్గమూలంతో గుణిస్తే చాలు.

ఏం కావాలో ముందు మీకు తెలియాలి

నా మొదటి రివ్యూలో నేను చేసిన పొరపాటు ఇక్కడే. "దయచేసి మీ అధ్యయనపు డేటా పంపగలరు" అని ఒక ప్రొఫెసరుకు మూడు మెయిళ్లు పెట్టాను. జవాబు లేదు. నాలుగు నెలల తర్వాత ఎవరి ద్వారానో నంబరు దొరికి ఫోను చేస్తే ఆయన ఒక్క మాటలో తేల్చేశారు: "ఏ డేటా కావాలో చెప్పకుండా డేటా పంపమంటే ఏం పంపనమ్మా? ఇల్లు ఎత్తి పంపనా?"

ఆ తర్వాత నేను ఖాళీ పట్టిక లేకుండా ఎవరినీ అడగలేదు. అడ్డవరుసకు ఒక ఊరు. నిలువు గడులు ఇవి: పరీక్షించిన పిల్లలు, వారి వయసు, డీన్ సూచిక (పళ్ల మచ్చల తీవ్రతను కొలిచేది) ప్రకారం ఒక్కో తరగతిలో ఎంతమంది, నీటి నమూనా తీసిన నెల, ఫ్లోరైడ్ విలువ. పేపరులో దొరికినవి ముందే మీరే నింపండి. ఎదుటివారు నింపాల్సిన గడులకు మాత్రం పసుపు రంగు వేయండి. పదిహేను గడులు మించితే తగ్గించుకోండి. మనిషన్నవాడు టీ తాగేలోపు నింపగలిగేంతే అడగాలి. మొత్తం ముడి డేటా ఇస్తారేమో తర్వాత చూడవచ్చు.

ఫ్లోరైడ్ విషయంలో మూడు గడులు ఎవరూ అడగరు, అడగాలి. ఒకటి, మండలం పేరు. 2016 అక్టోబరులో పాత నల్లగొండ జిల్లా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరిగా విడిపోయింది. పాత పేపరులో "నల్లగొండ జిల్లా" అంటే చౌటుప్పల్, సంస్థాన్ నారాయణపురం కూడా అందులోవే, ఇప్పుడు కావు. పాలమూరు వైపు ఇంకా ఎక్కువ ముక్కలయ్యాయి. నారాయణపేట 2019లో విడిగా జిల్లా అయింది. మండలం తెలియకుండా రెండు పేపర్లను జిల్లావారీగా కలిపితే ఉల్లిపాయలు, వంకాయలు ఒకే బస్తాలో తూచినట్టే.

రెండోది, నీటి నమూనా ఎప్పుడు తీశారన్నది. శాశ్వత దంతాల పింగాణీ చిన్నతనంలోనే తయారవుతుంది. 2018లో పన్నెండేళ్ల పిల్లవాడి పళ్ల మీద కనబడే మచ్చ, అతను అంతకు చాలా ఏళ్ల ముందు తాగిన బోరు నీటిది. 2016లో మిషన్ భగీరథ మొదలయ్యాక కుళాయి నుంచి వచ్చిన నమూనాతో ఆ మచ్చను ముడిపెడితే ఫలితం తలకిందులవుతుంది. మూడోది, ఫ్లోరైడ్‌ను ఎలక్ట్రోడుతో కొలిచారా, రంగు మారే రసాయన పద్ధతిలో కొలిచారా అన్నది. ఊరివారు చెప్పిన అంకె అయితే ఆ సంగతీ రాయించుకోండి.

ఎవరిని అడగాలి

పేపరు మీద సంప్రదించాల్సిన రచయితగా ఉన్న పేరు చాలాసార్లు అప్పటి పీజీ విద్యార్థిది. కాలేజీ ఇచ్చిన మెయిల్ చిరునామా ఆయన బయటికి వచ్చిన రోజే పోయి ఉంటుంది. కెనడాలో ఒక బృందం 516 పేపర్ల రచయితలను డేటా అడిగి చూసింది. పేపరు వయసు ఏడాది పెరిగేకొద్దీ డేటా మిగిలి ఉండే సంభావ్యతా నిష్పత్తి 17 శాతం చొప్పున, పనిచేసే మెయిల్ చిరునామా దొరికేది 7 శాతం చొప్పున పడిపోయాయని తేలింది. అందుకే పాత పేపర్ల వారిని ముందు అడగండి, కొత్తవారు కాస్త ఆగినా ఫరవాలేదు.

గైడ్ పేరు చూడండి. విద్యార్థి వెళ్లిపోయినా గైడ్ చాలాకాలం అక్కడే ఉంటారు. బదిలీ అయితే డిపార్ట్‌మెంటు క్లర్కుకు తెలుస్తుంది. మూడో పేరు, నాలుగో పేరు కూడా వదలకండి. లెక్కలు చేసిన స్టాటిస్టీషియన్ దగ్గర ఎక్సెల్ షీట్ భద్రంగా ఉన్న సందర్భాలు నాకు తెలుసు. ఆ పేరు తరచుగా కృతజ్ఞతల పేరాలో, అదీ చివరి వాక్యంలో ఉంటుంది.

ఒక జాగ్రత్త. ఫలితం మీకు నచ్చిన పేపరు వారిని రెండుసార్లు, నచ్చని వారిని ఒకసారి అడగకూడదు. ఎన్నిసార్లు, ఎన్ని రోజుల తేడాతో, ఎవరెవరిని అడుగుతామో ప్రోటోకాల్‌లోనే రాసి, రివ్యూలను ముందుగా నమోదు చేసే ప్రాస్పెరో రిజిస్ట్రీలో నమోదు చేసుకోండి. మా పద్ధతి ఇది: మెయిల్, పదిహేను రోజులకు మరో మెయిల్, ఇంకో పదిహేను రోజులకు ఫోను. ఆపైన ఆపేస్తాం.

ఉత్తరం

ఇంగ్లీషులో రాసినా ఇదే వరుసలో రాయండి:

"నమస్కారం సార్. నేను ఫలానా కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ పీజీ రెండో సంవత్సరం విద్యార్థిని. పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పిల్లల్లో దంత ఫ్లోరోసిస్ మీద ఫలానా మేడమ్ గారి మార్గదర్శకత్వంలో సిస్టమాటిక్ రివ్యూ చేస్తున్నాం. మీ అధ్యయనాన్ని అందులో చేర్చాం. రెండో పట్టికలో ఆరు ఊళ్ల మొత్తం ఇచ్చారు. మాకు ఊరివారీగా కావాలి. జతచేసిన ఒక పేజీ పట్టికలో పసుపు గడులు మాత్రమే నింపితే చాలు. పిల్లల పేర్లు, చిరునామాలు అక్కర్లేదు. రికార్డులు ఇప్పుడు అందుబాటులో లేకపోతే 'లేవు' అని ఒక్క మాట రాసినా మాకు ఉపయోగమే. మీరు ఇచ్చిన సమాచారం అని రివ్యూలో రాస్తాం. మీరు ఏ సమయంలో ఫోను చేయమంటే అప్పుడు చేస్తాను."

ఇందులో అన్నిటికన్నా పనిచేసేది "లేవు అని రాసినా ఉపయోగమే" అన్న వాక్యం. లేవని చెప్పడం మొహమాటమై చాలామంది మౌనంగా ఉండిపోతారు. ఆ మొహమాటం మీరే తీర్చేస్తే జవాబు వస్తుంది.

అధ్యయన పద్ధతి గురించి అడిగేటప్పుడు జవాబు నోట్లో పెట్టకండి. "పళ్లు చూసిన డాక్టరుకు ఆ ఊరి ఫ్లోరైడ్ స్థాయి తెలియదు కదా సార్?" అంటే ఎవరైనా "తెలియదు" అనే అంటారు. "పరీక్ష ఎలా జరిగిందో కాస్త చెప్తారా?" అని అడిగితే, బోరు దగ్గర నీళ్లు పట్టి ఫలితం చూసుకుని మరీ బడికి వెళ్లామన్న సంగతి దానంతట అదే బయటికి వస్తుంది.

కొందరు సహరచయితగా పేరు పెట్టమని అడుగుతారు. డేటా ఇచ్చినంత మాత్రాన రచయిత కారని వైద్య పత్రికల సంపాదకుల నియమాలు చెబుతాయి. దీన్ని మీరు చెబితే పొగరుగా ఉంటుంది, మీ గైడ్‌తో ఫోను చేయించండి.

వెళ్లి కూర్చోవడం

మన దగ్గర మెయిల్ కన్నా ఫోను, ఫోను కన్నా మనిషి వెళ్లడం మేలు. నాకు ఇల్లు ఎత్తి పంపనా అన్న ఆ సారు చివరికి ఒక శనివారం రమ్మన్నారు. నల్లగొండ నుంచి తొలి బస్సుకు వెళ్లాను. ఆయన పనిచేసిన డిపార్ట్‌మెంటులో స్టీలు బీరువా, పై అరలో ఎర్ర గుడ్డలో కట్టిన ప్రొఫార్మాల మూట. ముడి విప్పితే ఊరికొక దొంతర. ఒక్కో దొంతర మీద అట్టముక్క, దాని మీద పెన్సిలుతో నాలుగు నిలువు గీతలు, అడ్డంగా ఒకటి, అయిదుల లెక్క. డీన్ సూచికలో ఆరు తరగతులకు ఆరు వరుసల గీతలు.

ఒక ఊరి అట్ట మీద మొత్తం 212 అని ఉంది. గీతలు కూడితే 209 వచ్చాయి. మళ్లీ కూడాను, మళ్లీ 209. సారు కళ్లద్దాలు పెట్టుకుని దొంతర తిరగేసి చివర విడిగా పిన్ను కొట్టిన మూడు కాగితాలు తీశారు. ముగ్గురు పిల్లల పేర్లు బడి రిజిస్టరు నుంచి రాసుకున్నారట, పరీక్ష రోజున వారు పత్తి ఏరడానికి వెళ్లారట. పేపరులో 212 హారంగా అచ్చయింది. ఊరు చిన్నది, శాతంలో తేడా పెద్దదేమీ కాదు. కానీ ఆ కాగితాలు చూడకుండా కంప్యూటరులో ఎంత వెతికినా ఆ మూడు ఎక్కడివో తెలిసేది కాదు.

వెళ్లినప్పుడు ఫోనుతో ప్రొఫార్మాలను ఫొటో తీయకండి. వాటి మీద పిల్లల పేర్లు, తండ్రుల పేర్లు ఉంటాయి. అక్కడే కూర్చుని మీ పట్టికలోకి సంఖ్యలు మాత్రమే ఎక్కించండి. పేర్లు తీసేసినంత మాత్రాన సరిపోదు. చిన్న ఊళ్లో వయసు, కులం, ఎముకల వంపు కలిపితే మనిషి ఎవరో ఊరందరికీ తెలిసిపోతుంది. ఒక్కొక్కరి ముడి డేటా తీసుకోవాలంటే మీ కాలేజీ ఎథిక్స్ కమిటీకి ముందే చెప్పాలి. అవతలి కాలేజీ రాతపూర్వక అనుమతీ ఉండాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక ఈ విషయంలో ఏమరుపాటు పనికిరాదు.

ప్రభుత్వం దగ్గర ఉన్నవి

బోర్ల నీటి పరీక్షల ఫలితాలు గ్రామీణ నీటి సరఫరా విభాగం వద్ద ఉంటాయి. ముందు మామూలు దరఖాస్తు ఇవ్వండి. అది కదలకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మండలాలు, సంవత్సరాలు స్పష్టంగా రాయండి. "ఫ్లోరైడ్ సమాచారం అంతా" అని రాస్తే "వచ్చి చూసుకోండి" అని జవాబు వస్తుంది. ఎలాగూ వెళ్లాల్సిందేననుకుంటే అదీ నష్టం కాదు.

వచ్చింది, ఇప్పుడేం చేయాలి

వచ్చిన ఫైలును ముట్టుకోకుండా ఒక ప్రతి విడిగా ఉంచండి. మరో ప్రతిలో పని చేయండి. అడ్డం నిలువు కూడి చూడండి. పేపరులోని మొత్తంతో సరిపోకపోతే మీరే సర్దేయకండి, మళ్లీ అడగండి. ఫ్లోరైడ్ విలువల్లో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ. మన భారతీయ ప్రమాణం ప్రకారం 1.0 కోరదగిన పరిమితి, వేరే నీరు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. రచయిత "పరిమితి దాటింది" అని రాస్తే ఏ పరిమితో అడగాలి. ఒకే పిల్లలు డిసర్టేషన్‌లో ఒకసారి, పేపరులో ఒకసారి, సదస్సు సంచికలో ఇంకోసారి కనబడవచ్చు. ఊరు, నెల, సంఖ్య పోల్చి ఒక్కసారే లెక్కించండి.

అచ్చుకానిదంటే నిజమైనదే అన్న భ్రమ వద్దు. దాన్ని బయటివారెవరూ పరీక్షించలేదు. అచ్చయిన అధ్యయనాలకు వాడిన దోషాల తనిఖీనే దీనికీ వాడండి. అచ్చుకాని డేటా కలిపి ఒకసారి, తీసేసి ఒకసారి ఫలితం చూపించండి. మీకు దొరికినవి దొరకనివాటికి నమూనా అని కూడా అనుకోకండి. మంచి ఫలితం వచ్చినవారే ఉత్సాహంగా పంపి ఉండవచ్చు.

రాకపోతే

ఎక్కువసార్లు జరిగేది ఇదే. "అడిగితే డేటా ఇస్తాం" అని పేపరులోనే రాసిన 1,792 మంది రచయితలను క్రొయేషియా పరిశోధకులు అడిగి 2022లో ఫలితం ప్రకటించారు. జవాబిచ్చినవారు 254 మంది. డేటా ఇచ్చినవారు 122 మంది, అంటే 7 శాతం లోపు. మీకు పది మందిలో ఇద్దరు ఇస్తే మీరు మెరుగే.

అందుకే మొదటి రోజు నుంచే ఒక పట్టీ రాయండి: ఎవరిని, ఏ తేదీన, ఏ మార్గంలో, ఏం అడిగాం, ఏం జవాబు వచ్చింది. ఫోనులో చెప్పినది అదే రోజు మెయిల్‌లో పెట్టి "ఇలా చెప్పారు, సరేనా సార్" అని అడగండి. రాతలో లేనిదాన్ని రివ్యూలో వాడటం కష్టం. ఆ పట్టీయే తర్వాత మీ పద్ధతుల విభాగంలో రెండు వాక్యాలవుతుంది: ఇంతమందిని అడిగాం, ఇంతమంది జవాబిచ్చారు, ఇంతమంది ఇచ్చారు, మిగిలినవారి నుంచి జవాబు లేదు. "డేటా లేదు" అన్న జవాబునూ మౌనాన్నీ ఒకే గడిలో వేయకండి, రెండూ వేరు. కావలసిన అంకె దొరకలేదని ఆ అధ్యయనాన్నే రివ్యూ నుంచి తీసేయకండి. లోపలే ఉంచి, ఈ ఫలితం ఇవ్వలేదని రాసి, దాని వల్ల మొత్తం ఎటు మొగ్గే అవకాశం ఉందో చర్చించండి.

రివ్యూ అచ్చయ్యాక డేటా ఇచ్చిన ప్రతి ఒక్కరికీ ప్రతి పంపండి, వారి ఊళ్లు ఉన్న పట్టిక పేజీకి చీటీ పెట్టి మరీ. మీరు నింపించుకున్న పట్టికలను, పేర్లు లేకుండా, వారి అనుమతితో అనుబంధంగా ఎక్కించండి. తర్వాత వచ్చే పీజీ మళ్లీ అదే సారుకు ఫోను చేయనక్కర్లేదు. నేను ఆ రోజు మూట తిరిగి కట్టేటప్పుడు, 212 అని ఉన్న అట్టముక్క మీద పెన్నుతో "పరీక్షించినవారు 209" అని రాసి తేదీ వేశాను, కింద సారుతో సంతకం పెట్టించాను.